పేరుకున్నది

బయట నలభై తొమ్మిది. చలిగదిలో నాలుగు.
కువైట్, షువైఖ్‌లో మా ల్యాబు తలుపు మందం రెండంగుళాలు.
ఆ రెండంగుళాల్ని రోజుకు ఇరవైసార్లు దాటుతాను
స్వెట్టరు తొడుక్కుంటూ, విప్పుకుంటూ.

నా పని చెప్పుకోడానికి చిన్నదే.
కణాల్ని ఐసులో కూచోబెట్టి సబ్బునీళ్ళు పోయడం,
పైన చక్కెరనీళ్ళు పొర మీద పొరగా పోసి
పదహారు గంటలు గిరగిరా తిప్పడం.
తెల్లారి చూస్తే కరిగినదంతా అడుగున.
కరగనిది మాత్రం పైకి తేలి
వెంట్రుకంత తెల్లగీత.

తెప్ప అనుకుంటాను నేను దాన్ని.
మునీరా మేడమ్ ఇంగ్లీషులో అనేదీ ఆ మాటే.
కణం చుట్టూ ఉన్న కొవ్వుపొర అంతా ఒకే తీరు కాదట.
తోక వంగినవి ఎటంటే అటు జారిపోతుంటే
తోక నిటారుగా ఉన్నవి కొలెస్ట్రాల్‌ని మధ్య ఇరికించుకొని
ఒకదాన్నొకటి ఆనుకొని తెప్ప కడతాయట.
కబుర్లు మోసే ప్రోటీన్లు ఎక్కేది వాటిమీదేనట.
తెలుగు వచ్చుంటే ఎదుటి గదిలో గస్సాన్ సారుకి
ఈ "అట" ఎంత నచ్చేదో!

"సబ్బూ చలీ కలిసి కన్న బిడ్డ అది" అంటాడాయన.
"చల్లబరిచి, చంపి, కడిగి,
గిన్నెకు అంటుకున్నది చూపించి
ఇల్లంతా ఇలాగే ఉండేదంటే ఎట్లా?"

పదకొండేళ్ళ తగాదా. ఏలకుల టీ మీద, సగం అరబ్బీలో.
ఏడాదికేడాది మేడమ్ తెప్ప చిన్నదవుతూ వచ్చింది.
మొదట దీవి, తర్వాత చాప, ఇప్పుడు
వెలుగు అలకి కూడా చిక్కనంత,
రెప్ప వాల్చేలోగా వేయిసార్లు చెదిరేంత.
"చిన్నది, క్షణంలో పోయేది, ఎవరికీ కనపడనిది.
మునీరా, నువ్వు మాట్లాడేది కొవ్వు గురించేనా?"
ఆమె నవ్వుతుంది.
"కబురైతే చేరుతోందిగా, గస్సాన్."

ఖైతాన్‌లో ఆరుగురం ఉండే మా గదిలో
ఏసీ కింద అలమరలో రాజంపేట నెయ్యి
పూసలు పూసలుగా పేరుకొని ఉంటుంది.
జులైలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రాత్రి
అదే సీసాలో నీళ్ళలా కదిలింది.
పేరుకున్నదానికే పేరు పెడతామేమో మనం.
కరిగినప్పుడూ నెయ్యి నెయ్యే.
పూస ఎక్కడుందని చూపించను?
నా సంగతే చూడండి. ఓబులేసుని.
సివిల్ ఐడీలో అరబ్బీలోకి దిగి
"అబూ లేసు"గా గడ్డకట్టాను.
పెళ్ళి కాకముందే ఎవరికో నాన్ననయ్యాను.

శుక్రవారం సాయంత్రం మాలియాలో
ఒక మూల కడప మాట, ఒక మూల కోనసీమ మాట.
మేడమీంచి ఫోటో తీస్తే దీవులే.
శనివారం తీస్తే
పేవ్‌మెంటు, పిస్తా తొక్కలు.
ల్యాబులో మనిషి కావాలట అని
చిట్వేలు సుబ్బన్న నా చెవిన వేసింది ఆ మూలలోనే.
ఆ మూల ఉన్నట్టా, లేనట్టా?

మొన్న రాత్రి మైక్రోస్కోపు గదిలో ఏసీ ఆగింది.
తెరమీద పెద్ద కొవ్వు బుడగ, మేం చేత్తో చేసిందే,
ఎర్రటి ఒంటిమీద గుండ్రటి నల్లమచ్చలు.
ఇరవై ఎనిమిది. రెండు మచ్చలు తాకి ఒకటయ్యాయి.
ముప్పై రెండు. అంచులు వణికాయి, జ్వరమొచ్చిన పెదాల్లా.
ముప్పై నాలుగు. మచ్చా, నా కంటి మసకా?
ముప్పై ఏడు. నా ఒంటి వేడి.
అంతా ఎరుపు.

వీడియో ఇద్దరికీ పంపాను.
"చూశావా!" అని ఆమె.
"చూశావా!" అని ఆయన.

లాగ్‌బుక్కులో టైము రాశాను. డిగ్రీలు రాశాను.
ఏం కనిపించింది అన్న గడిలో
వణుకు, అని రాసి
కొట్టేశాను. మళ్ళీ రాశాను.
స్వెట్టరు కుర్చీకే వదిలేసి బస్సెక్కాను.